ఇంజను దాహం

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో నీరు తనంత తాను నడచివచ్చే వస్తువు కాదు. కృష్ణానది ఈ సీమల దక్షిణపుటంచున పారుతున్నదన్న మాట నిజమే. కాని నది లోయలో ఉన్నది, పొలము మెట్టమీద ఉన్నది. 1967లో నాగార్జునసాగరం ఎడమకాలువకు నీరు వదలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు భూములు పచ్చబడినవి. తక్కిన ఎర్ర చెలకలకు, దుబ్బ నేలలకు చాలకాలం వరకు చెరువూ బావీ తప్ప మరొక దిక్కు లేకపోయింది.

అట్టి నేలమీద సేద్యం చేసే రైతుకు ఒక విద్య తండ్రితాతలనుంచి వస్తుంది. చివరిమడికి నీరు అందలేదంటే అతడు ఆ మడిదగ్గర నిలబడి మడిని తిట్టడు. పార భుజాన వేసుకొని, కాలువగట్టు పట్టుకొని, బావివైపు నడుస్తాడు. ఒకచోట ఎలుకబొరియ కనబడుతుంది. మరొకచోట గడ్డి అడ్డుపడి ఉంటుంది. ఇంకొకచోట పక్కమడికి గండి తెగి ఉంటుంది. ఇవేవీ కానప్పుడు బావిలోనే నీరు అడుగంటి ఉంటుంది. ఎండినది చివరిమడి. ఎండుటకు కారణం మాత్రం ఆ మడిలో లేదు, దారిలో ఉన్నది.

ఇంజనుకు ఇంధనం అందే దారి కూడ ఇట్టిదే. ట్యాంకు బావి, గొట్టం కాలువ, సిలిండరు చివరిమడి. ఈ పోలికను బాగా గ్రహించినవానికి, ఈనాడు యంత్రాలపై మోజుగల యువకులు ఎంతో కష్టపడి చేసే ఒక పని సుళువవుతుంది. పాతకారును విప్పి, దాని ఇంజనుకు స్వయంగా టర్బో అమర్చి, అది ఎందుకు తడబడుతున్నదో తెలియక తలపట్టుకొనేవారు లోకమంతటా ఉన్నారు. ఇంజనీరింగు విద్యార్థులు పోటీలకోసం సొంతంగా కట్టే చిన్న పందెపు కార్లలో సైతం ఈ సమస్య వస్తుంది. ఫార్ములా స్టూడెంట్ పోటీల నియమాలు 710 ఘనసెంటీమీటర్లకు మించని ఇంజనును అనుమతిస్తాయి. దానికి టర్బో అమర్చుకొనవచ్చును. అట్టి కారు గట్టిగా పరుగెత్తబోయినప్పుడు హఠాత్తుగా దమ్ము చాలక వెనుకాడితే, లోపం ఎక్కడ వెదకవలె?

ఆయిల్ ఇంజను నేర్పిన పాఠం

ఈ ప్రశ్నకు జవాబు ఈ సీమలోని బావిగట్లమీద చాలకాలం క్రిందనే దొరికింది. ఒకప్పుడు ఇక్కడి బావులలో ఎద్దులు మోట లాగేవి. తరువాత ఆయిల్ ఇంజను వచ్చింది. దాని టకటక శబ్దం తెల్లవారుజామున ఊరినంతటినీ లేపేది. ఆపైన కరెంటు మోటారు వచ్చి ఆయిల్ ఇంజనును క్రమంగా మూలకు చేర్చింది. కాని ఆ ఇంజను వాడుకలో ఉన్న దశాబ్దాలలో, బడి మెట్లు ఎక్కనివారు సైతం ఇంధనమార్గాన్ని చదవడం నేర్చుకొన్నారు.

ఆ మార్గం చాల సరళమైనది. ఇంజను పైభాగాన చిన్న ట్యాంకు ఉంటుంది. డీజిలు తన బరువుచేతనే క్రిందికి దిగి, ఫిల్టరు గుండా పోయి, పంపులో ప్రవేశిస్తుంది. పంపులోని సన్నని ఉక్కుకడ్డీ దానిని దాదాపు 200 వాతావరణాల పీడనంతో నాజిలుకు తోస్తుంది. ఆ పీడనానికి నాజిలులోని సూది లేస్తుంది. డీజిలు మంచుతుంపరవలె సిలిండరులోకి చిమ్ముతుంది. రుడాల్ఫ్ డీజిలు తన ఇంజనును 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో విజయవంతంగా నడిపినప్పుడు ఇంధనాన్ని చిమ్ముటకు పెద్ద గాలియంత్రాన్ని ఉపయోగించవలసివచ్చింది. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ చిన్న ఇంధనపంపులను పెద్దఎత్తున తయారుచేయసాగిన తరువాతనే డీజిలు ఇంజను లారీలకు, ట్రాక్టర్లకు సుళువుగా ఎక్కగలిగింది.

ఈ ఏర్పాటులో సామాన్యంగా వచ్చే జబ్బును రైతులు ‘గాలి పట్టింది’ అనేవారు. ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయితే, లేక ఒక వాషరు అరిగితే, గొట్టంలో గాలిబుడగ చేరుతుంది. ద్రవపదార్థం నొక్కితే దాదాపు నలగదు. నొక్కిన బలాన్ని అవతలికి అందిస్తుంది. గాలి అట్లు కాదు. దూదివలె అణగి, వదలగానే మళ్ళీ ఉబ్బుతుంది. పంపులోని కడ్డీ ఎంత తోసినా బుడగ అణగుతుందే గాని నాజిలులోని సూది లేవదు. పంపు బాగున్నది, నాజిలు బాగున్నది, ట్యాంకు నిండా డీజిలు ఉన్నది. అయినా ఇంజను ఊపిరి తీయదు.

అనుభవముగల మెకానిక్ వెంటనే పంపు విప్పడు. ముందు ఫిల్టరుపైనున్న మరను కొంచెం వదులుచేస్తాడు. నురుగుతో కూడిన డీజిలు బుసబుసమని వస్తుంది. బుడగలు ఆగి ధార నిండుగా వచ్చినప్పుడు మరను బిగిస్తాడు. తరువాత పంపుదగ్గర అదే పని, ఆపైన నాజిలుదగ్గర అదే పని. ట్యాంకునుండి మొదలుపెట్టి ఒక్కొక్క మజిలీ దాటుతూ పోతాడు. ఒక మజిలీలో ధార నిండుగా ఉన్నదని కంటితో చూచిన తరువాతనే మరొక మజిలీకి పోవుట ఇందులోని నియమం.

మరొక జబ్బు ఇంకను చిత్రమైనది. ఇంజను చక్కగా మొదలవుతుంది, అరగంట నడుస్తుంది, మెల్లగా నీరసించి ఆగిపోతుంది. కొంతసేపటికి మళ్ళీ నడుస్తుంది. పంపు మార్చినా, నాజిలు మార్చినా ఫలితం ఉండదు. అట్టి సమయంలో పాతకాలపు మెకానిక్ ఇంజనువైపు చూడకుండానే, “టాంకి మూత జరంత వదులు చేసి చూడున్రి, పటేలా” అనేవాడు. మూతకు ఒక సన్నని రంధ్రం ఉంటుంది. డీజిలు దిగినకొద్దీ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పోయి ఖాళీని నింపవలె. దుమ్మూ మట్టీ దానిని మూసివేస్తే ట్యాంకులో పీడనం తగ్గి, డీజిలు క్రిందికి దిగనని మొరాయిస్తుంది. మూత తీయగానే సుయ్యిమని గాలి లోపలికి పోతుంది, ఇంజను మళ్ళీ నడుస్తుంది. జబ్బు ఇంజనులో కనబడింది. మందు ఒక పిన్నీసుతో ట్యాంకుమూతకు పడింది.

టర్బో చేసే పని

ఈ పాఠాన్ని టర్బో గల కారుకు అన్వయించుటకు ముందు, టర్బో ఏమి చేస్తుందో తెలిసికొనవలె. ఇంజను కాల్చి విడిచిన పొగలో ఇంకను చాల శక్తి మిగిలి ఉంటుంది. ఆ పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవకొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోకి పంపుతుంది. పారవేయవలసిన పొగ చేతనే కొత్తగాలిని తెప్పించుట ఇందలి చమత్కారం. స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి ఈ ఉపాయానికి 1905లో పేటెంటు పొందినాడు. 1918లో అమెరికాలో సాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానపు ఇంజనుకు టర్బో తగిలించి, 14,000 అడుగుల ఎత్తున్న పైక్స్ శిఖరంమీద పరీక్షించినాడు. అంత ఎత్తున గాలి పలుచన. పలుచని గాలిని నొక్కి ఇస్తే ఇంజను తన బలాన్ని కోల్పోదని అక్కడ రుజువైంది. కార్ల విషయంలో 1962లో అమెరికాలోనే టర్బో గల రెండు కార్లు అమ్మకానికి వచ్చినవి.

నల్లగొండ, పాలమూరు పల్లెలకు టర్బో కొత్త కాదు. విజయవాడ రహదారిమీద చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేటల మీదుగా, బెంగుళూరు రహదారిమీద షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోటల మీదుగా రాత్రింబవళ్ళు పోయే లారీల ఇంజనులలో టర్బో ఉన్నది. దానికంటె మిన్నగా, బోరుబావి తవ్వే బండిమీద ఉన్నది. తమిళనాడులోని తిరుచెంగోడు పేరు ఇక్కడి రైతులకు సుపరిచితం. బోరుబండ్లు పెక్కు అక్కడినుంచే వస్తాయి. ఆ బండిమీది టర్బో గల పెద్ద డీజిలు ఇంజను గాలియంత్రాన్ని తిప్పుతుంది; ఆ గాలి నేలలోని సుత్తిని కొట్టించి, నలిగిన రాతిపొడిని పైకి ఎగదోస్తుంది. ఆ ఇంజనుకు డీజిలు చాలకపోతే గాలి బలం తగ్గుతుంది. పొడి పైకి రాదు. కొన్నిసార్లు సుత్తి రంధ్రంలోనే ఇరుక్కుంటుంది. అడుగు అడుగుకూ డబ్బు లెక్కించుకొంటూ నిలబడిన రైతుకు ఇంధనపు దారి ఎంత ముఖ్యమో అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ డీజిలుకు, పెట్రోలుకు గల ఒక భేదాన్ని విద్యార్థులు గుర్తుంచుకొనవలె. డీజిలు ఇంజనుకు ఇంధనం తగ్గితే అది బలం కోల్పోతుంది, ఆగిపోతుంది, అంతే. టర్బో గల పెట్రోలు ఇంజనుకు భారంమీద ఉండగా ఇంధనం తగ్గితే అది ఆగక ముందే కాలిపోవచ్చును. అందులో పెట్రోలు రెండు పనులు చేస్తుంది. మండి బలమిచ్చుట ఒకటి, ఆవిరి అవుతూ సిలిండరును చల్లబరచుట రెండవది. అందుచేతనే టర్బో పనిచేస్తున్నప్పుడు అవసరమైనదానికంటె కొంత అదనంగా పెట్రోలు పోస్తారు. ఆ అదనం తరిగితే వేడి పెరుగుతుంది. మిశ్రమం నిప్పురవ్వకోసం వేచియుండక తనంత తాను భగ్గుమంటుంది. సమ్మెటతో కొట్టినట్టి శబ్దం వస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగే లోహం. పిస్టను అంచు కరగుటకు, దానికి రంధ్రం పడుటకు కొద్ది క్షణాలు చాలును. కావున ఈ దోషనిర్ణయంలో తొందరపాటుకు చెల్లించవలసిన మూల్యం మొత్తం ఇంజనే.

చిన్న రబ్బరు గొట్టం, పెద్ద చిక్కు

ఇంట కూర్చిన టర్బోకారు ఎక్కడ తడబడుతుందో ఒక లెక్కతో తెలిసికొనవచ్చును. ఒక పాతకారు ఇంజను 80 అశ్వశక్తుల బలము గలదనుకొంటే, దానికి 0.7 బార్ అదనపు పీడనంతో గాలి ఎక్కించినారనుకొంటే, సిలిండరులోకి పోయే గాలి సిద్ధాంతరీత్యా 1.7 రెట్లు అవుతుంది. నొక్కిన గాలి వేడెక్కి పలుచబడుతుంది కాబట్టి ఆచరణలో దాదాపు ఒకటిన్నర రెట్లు దక్కుతుంది. అనగా 120 అశ్వశక్తులు. టర్బో గల పెట్రోలు ఇంజను గంటకు ఒక్కొక్క అశ్వశక్తికి సుమారు 270 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 120ని 270తో గుణిస్తే 32,400 గ్రాములు. లీటరు పెట్రోలు బరువు 750 గ్రాములుగా తీసికొంటే, గంటకు 43 లీటర్లకు పైబడి కావలె. అరనిమిషానికి 360 మిల్లీలీటర్లు. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొంటే తరువాత అక్కరకు వస్తుంది.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు ఇంజెక్టరువద్ద ఉన్నది. ఇంజెక్టరు అనేది విద్యుత్తుతో తెరచి మూసే చిన్న కవాటం. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో రెండు చుట్లకు పట్టే కాలం సెకనులో యాభయ్యవవంతు. ఆ వ్యవధిలోనే అది తెరచుకొని, కావలసినంత పెట్రోలు చిమ్మి, మూసుకొనవలె. ఎంత చిమ్ముతుందన్నది గొట్టంలోని పీడనంమీద మాత్రమే ఆధారపడదు. అటువైపు పెట్రోలు పీడనం, ఇటువైపు గాలి పీడనం. రెండింటి తేడాయే పెట్రోలును నెడుతుంది. గొట్టంలో 3 బార్ పీడనం ఉన్నదనుకొంటే, టర్బో 0.7 బార్ గాలిని ఎదురుగా నిలబెట్టినప్పుడు నెట్టే బలం 2.3 బార్‌కు పడిపోతుంది. ప్రవాహం పీడనం తేడాకు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి, ఇంజెక్టరు చిమ్మే పెట్రోలు నూటికి పన్నెండు పాళ్ళు తగ్గుతుంది. ఒకటిన్నర రెట్లు ఎక్కువ కావలసిన సమయంలోనే ఉన్నది కూడ తగ్గుట ఇక్కడి విపరీతం. ఎదురుగాలిలో నీళ్ళు చల్లినవారికి ఈ సూత్రం వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడుగా రెగ్యులేటరు అనే సాధనానికి, గాలి పోయే మార్గానికి మధ్య ఒక సన్నని రబ్బరు గొట్టం తగిలిస్తారు. గాలి 0.7 బార్ పెరిగితే పెట్రోలు పీడనం కూడ అంతే పెరిగి 3.7 బార్ అవుతుంది. తేడా మళ్ళీ 3 బారుగా నిలుస్తుంది. ఆ గొట్టం చిట్లినా, ఊడినా, అసలు తగిలించకపోయినా ఇంజను నెమ్మదిగా నడిచినంతసేపు ఏ లోపమూ కనబడదు; టర్బో పూనుకొన్న క్షణంలోనే దాహం మొదలవుతుంది. ఇప్పటి కార్లు అనేకం రెగ్యులేటరును ట్యాంకులోనే ఉంచుకొని, గాలిపీడనంతో దానికి సంబంధం లేకుండా నడుస్తాయి. అట్టి కారుకు టర్బో అమర్చేవారు ఈ సంగతి తెలియక, పెద్ద ఇంజెక్టర్లు కొని, ఇంకా పెద్దవి కొని, చేతిచమురు వదిలించుకొంటారు.

గట్టు వెంట నడక

వెదకుటకు పూనుకొనేముందు జాగ్రత్త అవసరం. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారున పాకి, దూరాన ఉన్న నిప్పును అందుకొంటుంది. పని ఆరుబయట, ఇంజను చల్లారిన తరువాత, గొట్టంలోని పీడనాన్ని తగ్గించి మాత్రమే చేయవలె. నిప్పు ఆర్పే సాధనం చేతికందే దూరాన ఉండవలె. విద్యార్థులు పెద్దవారి పర్యవేక్షణ లేక ఈ పనికి దిగరాదు.

మొదటి మెట్టు, చేతులు కట్టుకొని వినుట. రోగి చెప్పేది వైద్యుడు విన్నట్లే, ఇంజను ఎప్పుడు తడబడుతున్నదో గమనించవలె. ట్యాంకు సగమైనప్పుడు, మలుపు తిరుగుతుండగా తడబడితే, పెట్రోలు ఒక పక్కకు ఒరిగి పంపుమూతికి అందడంలేదని అర్థం. కొంతసేపు నడిచి నీరసిస్తే ట్యాంకు గాలిరంధ్రాన్ని అనుమానించవలె. ఆయిల్ ఇంజను కాలపు ఆ పిన్నీసు వైద్యం ఇక్కడా పనిచేస్తుంది. మిట్టమధ్యాహ్నం మాత్రమే తడబడితే పెట్రోలు ఆవిరై గొట్టంలో బుడగలు కడుతున్నదని ఊహించవచ్చును. ‘గాలి పట్టుట’కు ఇది పెట్రోలు రూపం. 40 డిగ్రీలు దాటే పాలమూరు ఎండలో ఇది వింత కాదు. పంపు నెట్టగలిగినంత బలంగా పీల్చలేదు. కాబట్టి దానిని ట్యాంకుకు దగ్గరగా, పల్లంలో అమర్చవలె. భారం పడినప్పుడు మాత్రమే తడబడితే పంపు, ఫిల్టరు, రెగ్యులేటరు గొట్టం అను మూడింటిని ముందుగా చూడవలె.

రెండవ మెట్టు, దోషం ఇంధనానిదేనా అని ప్రశ్నించుట. నొక్కిన గాలిలో నిప్పురవ్వ దూకుట కష్టం. స్పార్కుప్లగ్గు సందు ఎక్కువైతే టర్బో పూనుకోగానే రవ్వ ఆరిపోతుంది. ఇంజను ముమ్మూర్తులా పెట్రోలు చాలనట్లే తడబడుతుంది. సందు కొంచెం తగ్గించి చూస్తే ఈ అనుమానం తీరిపోతుంది. పొగగొట్టంలో అమర్చే ఆక్సిజన్ కొలమానం మరింత స్పష్టంగా చెబుతుంది. తూకంలో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు 14.7 పాళ్ళ గాలి కావలె. టర్బో బలంగా పనిచేసేటప్పుడు ఈ నిష్పత్తిని సామాన్యంగా 12కు లోపుగా ఉంచుతారు. కొలమానం 13, 14 అని చూపసాగితే వెంటనే కాలు తీసివేయవలె. అదే స్థితిలో మరొక్కసారి పరుగెత్తించి చూతమనుట ఇంజనును బలి ఇచ్చుటే.

మూడవ మెట్టు కొలత. పీడనపు గేజిని ఇంజెక్టర్ల గొట్టానికి తగిలించి, ఇంజను ఆపి, పంపును మాత్రం నడిపించవలె. 3 బార్ చూపవలసిన చోట 3 చూపుతున్నదా? పంపు ఆపిన తరువాత ముల్లు నిలకడగా ఉన్నదా, గబగబ పడిపోతున్నదా? పడిపోతే ఎక్కడో కారుతున్నదన్నమాట. తరువాత రెగ్యులేటరు రబ్బరు గొట్టాన్ని విప్పి, గేజి గల చేతిపంపుతో దానిలోకి 0.7 బార్ గాలి ఎక్కించవలె. పెట్రోలు ముల్లు 3.7కు ఎక్కితే రెగ్యులేటరు ఆరోగ్యంగా ఉన్నది. కదలకపోతే దొంగ దొరికినాడు. కారును ఒక్క అంగుళమైనా కదపకుండ, కొద్ది ఖర్చుతో చేయగల పరీక్ష ఇది.

నాలుగవ మెట్టు కొలపాత్ర. పీడనం ఉన్నంతమాత్రాన ప్రవాహం ఉన్నట్లు కాదు. మూసిన కుళాయిలో పీడనం నిండుగానే ఉంటుంది, బిందె మాత్రం నిండదు. ఈ భేదాన్ని తెలియక మోసపోయినవారు చాలమంది. ట్యాంకుకు తిరిగిపోయే గొట్టం గల కారులో, రెగ్యులేటరుమీద ఆ 0.7 బార్ గాలిని అట్లే నిలిపి, తిరిగివచ్చే పెట్రోలును కొలపాత్రలో అరనిమిషం పట్టవలె. వెనుక లెక్కలో వచ్చిన సంఖ్య 360 మిల్లీలీటర్లు. దానికి నాలుగవవంతు అదనం కలిపి 450 మిల్లీలీటర్లయినా పాత్రలో పడితే పంపుకు శక్తి ఉన్నదని నమ్మవచ్చును. 300 మాత్రమే పడితే ఎంత గొప్ప ఇంజెక్టరు పెట్టినా ప్రయోజనం లేదు. బావిలోనే నీరు లేదు.

అయినా వెంటనే కొత్తపంపు కొనరాదు. అయిదవ మెట్టుగా పంపు చివరన వోల్టులు కొలవవలె. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీవద్ద పదమూడున్నర, పద్నాలుగు వోల్టులు ఉంటే, పంపువద్దకు కూడ దాదాపు అంతే చేరవలె. సన్నని పాత తీగ, తుప్పుపట్టిన రిలే, ఇనుపచట్రానికి సరిగా అంటని తీగ దారిలో రెండు వోల్టులు తినివేస్తే పంపు మందగిస్తుంది. కరెంటు మోటారుతో సేద్యం చేసే రైతుకు ‘లోవోల్టేజి’ అన్నమాట ఏమి చేస్తుందో బాగా తెలుసు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం ఎక్కదు. కారు అడుగున జరిగేదీ అదే. అటుతరువాత ఫిల్టరు. దానిని కోసి తెల్లకాగితంమీద దులిపితే ట్యాంకు చరిత్ర అంతా బయటపడుతుంది. ఎర్రపొడి రాలితే తుప్పు. నల్లని ముక్కలు రాలితే లోపలి రబ్బరు కరుగుతున్నది.

ఈ చివరిమాటకు ఇటీవల ప్రాధాన్యం పెరిగింది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు సామాన్యమైంది. ఇథనాలు నీటిని ఆకర్షిస్తుంది. పాతకార్లలోని కొన్నిరకాల రబ్బరుకు అది పడదు. చాలకాలం కదలక నిలిచిన కారు ట్యాంకులో తుప్పుకు అవకాశమిస్తుంది. అంతేగాక, ఈ మిశ్రమం ఒక పాలు మండుటకు 14.7కు బదులు 13.5 పాళ్ళ గాలి చాలును. అనగా అదే గాలికి తూకంలో ఎనిమిది, తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పోయవలె. ఉత్త పెట్రోలుకు సరిగ్గా సరిపోయేటట్లు పాత లెక్కలతో కూర్చిన ఇంధనమార్గం ఈ మిశ్రమానికి చాలకపోవచ్చును. ఇంజనులో ఏమీ మారలేదు, నిన్నటివరకు బాగున్నదని వాపోయేవారు, బావిలోని నీరే మారినదని గుర్తించవలె.

ఒకసారి ఒక్కటే

ఈ మెట్లన్నింటినీ కలిపే నియమం ఒకటున్నది. ఒకసారి ఒక్క వస్తువునే మార్చవలె. మార్చిన వెంటనే కొలచి, పుస్తకంలో వ్రాసికొనవలె. పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్లు, ప్లగ్గులు ఒకేదినం మార్చితే కారు బాగుపడవచ్చును. కాని జబ్బు ఏమిటో ఎన్నటికీ తెలియదు. మరునాడు అదే జబ్బు తిరిగివస్తే మళ్ళీ అన్నీ మార్చవలసి వస్తుంది. సైన్సు ఉపాధ్యాయులు ప్రయోగశాలలో చెప్పే మాట ఇదే: ఒక్క అంశం తప్ప తక్కినవన్నీ స్థిరంగా ఉంచుట. ద్రవాలు, వాయువుల గుణాలు, పీడనాల తేడా, వర్గమూలం, విద్యున్నిరోధం అనే పాఠాలు వేర్వేరు పుటలలో వేర్వేరుగా నిద్రిస్తూ ఉంటాయి. తడబడే ఒక ఇంజను వాటన్నింటినీ ఒకేచోట మేలుకొలుపుతుంది. బడిలో టర్బోకారు ఉండనక్కరలేదు. మూలకు పడిన ఒక పాత ఆయిల్ ఇంజనునో, ఒక మోపెడునో ఎదుట పెట్టుకొని, ట్యాంకునుండి సిలిండరుదాకా దారిని విద్యార్థులచేత గీయించినా పాఠం సార్థకమవుతుంది.

చట్టం విషయంలోను స్పష్టత ఉండవలె. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారుచేసినవారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా బండిని ఇచ్చవచ్చినట్లు మార్చి దారిమీద నడుపుట తగదు. స్వయంగా కూర్చిన టర్బోకారు పోటీల ఆవరణకు, మూసిన మైదానానికి చెందిన వస్తువు. పదిమంది నడిచే రహదారిమీద దాని దాహాన్ని పరీక్షించుట నేరమే కాదు, అపాయం కూడ.

రహదారి పక్క రేకులషెడ్డులలో ఇంజనులు విప్పే మెకానిక్‌లలో చాలమందికి ఈ సూత్రాల పేర్లు తెలియవు. కాని మర వదులుచేసి ధారను చూచే చూపు, మూత తీసి సుయ్యిమనే శబ్దాన్ని వినే చెవి వారికి ఉన్నవి. కళాశాలలో చదివిన యువకులకు సూత్రాలు తెలుసును. ధారవైపు చూచే ఓపిక మాత్రం తరచుగా ఉండదు. కంప్యూటరు తెరమీద అంకెలు మార్చినంత సులభంగా దోషం పోతుందని వారు ఆశిస్తారు. గొట్టంలో లేని పెట్రోలును ఏ అంకె కూడ పుట్టించలేదు. చూపూ సూత్రమూ ఒకేచోట కలిసినప్పుడే దోషనిర్ణయం ఒక విద్య అవుతుంది.

చివరిమడి ఎండినప్పుడు పార భుజాన వేసుకొని బయలుదేరిన రైతుకు కారణం ఎక్కడున్నదో ముందుగా తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం అతనికి తెలుసు. అందుచేతనే అతడు ఊహించుకుంటూ కూర్చోక నడుస్తాడు. నడుస్తూ గట్టును రెండువైపులా చూస్తాడు. తెగిన గండి కనబడినచోట వంగి, రెండు పారల మట్టి వేస్తాడు. నీరు మళ్ళీ ముందుకు సాగుతుంది. అతడు దానివెంట తిరిగివచ్చి, చివరిమడి తడిసేదాకా నిలబడి చూచి, ఆపైననే ఇంటికి పోతాడు.